సున్నా టికెట్టు

పన్నెండేళ్ళుగా
తిరుపతి బస్టాండు వెనక లాడ్జీలో
వచ్చినోళ్ళకు తాళాలిస్తా ఉండాను.
నాందేడు నుంచి, నాగపట్నం నుంచి,
నాకు పలకడం రాని ఊర్ల నుంచి
నున్నటి గుండ్లతో, బొబ్బలెక్కిన కాళ్ళతో దిగతారు.
రిజిస్టర్లో 'ఎక్కడి నుంచి రాక' అనే గడి
అడిగి నేనే నింపతాను.
'ఎక్కడికి పోక' అనే గడి
ఎవురూ నింపరు.

ఈ మే నెల్లో ఒక రాత్రి సెలవడిగినాను.
"ఎవురన్నా పోయినారా?" అన్నాడు మేనేజరు.
లేదు సార్, అర్జునుడు మానెక్కతాడంట, చూసొస్తా.

పర్సులో మున్నూట యాభై.
సంచిలో దుప్పటి, నీళ్ళ సీసా,
చెనిక్కాయల పొడి చల్లిన సద్ది.
చిత్తూరు దాకా సున్నా టికెట్టు,
పలమనేరుకు ఇంకో సున్నా.
రెండు సున్నాలూ గుప్పిట్లో పెట్టుకోని
మొగిలి ఘాటులో కిటికీ పక్కన కూసున్నాను,
ఏ లెక్కలోకీ రాని మనిషి మాదిరి.

ఆ పైన బస్సు లేదు.
టమేటా బాక్సులు దించేసి పొయ్యే ఆటో.
అరవై అన్నాడు. ముప్పై అన్నాను.
"వొంటిగా ఎందుకు పోతా ఉండావు మా?" అన్నాడు.
నలభైకి తెగింది.
ఆ ప్రశ్నకు పది కలిపినాడో, పది తగ్గించినాడో.

ఉడుములపల్లె, భారతం మిట్ట.
నాలుగు దినాల తర్వాత చావాల్సిన దుర్యోధనుడు
ఇంకా ట్రాక్టరు దించిన మన్నుకుప్ప.
ముందు తొడలే చేస్తారంట,
దెబ్బ పడేది ఆడనే గదా.

రూము లేదు, తాళం లేదు.
రెడ్డెమ్మనే ముసలామె చాప అంచు నా పక్కకు జరిపి
"పండుకో, ద్రౌపది ఏడ్చేటప్పుడు లేపతా" అన్నది.
లేపింది.
మిట్టమింద పిలకాయలు తప్ప అందరూ మేలుకోనే ఉండారు.
హార్మోనీ పెట్టెలో ఒక మెట్టు మాత్రం
రాత్రంతా పలకనే లేదు.

తెల్లారగట్ల అర్జునుడు తపసుమాను ఎక్కినాడు.
పగలు మార్కెట్లో మూటలు మోసే మొగిలప్పంట.
కాషాయ పంచె, పూసలు,
చెమటకు మెడమీదికి జారిన అర్దళం.
ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం.
ఎనిమిదో పద్యం నడుమ దగ్గొచ్చింది.
అరవై అడుగుల కింద
మేమంతా గొంతులు సవరించుకున్నాం.

మాను చుట్టూ తడి కోకలతో
బిడ్డల కోసం బోర్లా పండుకున్న ఆడోళ్ళు.
పైనుంచి విభూది, పూలు, నిమ్మకాయలు.
ఒగటి నేలకు తగిలి, ఎగిరి, దొర్లి
నా బొటనవేలి దగ్గర నిలబడింది.

నాకు నలభై ఆరు. నేనేమీ అడగలేదు.
మా లాడ్జీలో మర్చిపోయిన సామాన్లకు ఒక పెట్టె ఉంది,
తేదీ రాసి, రూము నంబరు రాసి
అడగను వచ్చేదాకా పెట్టి ఉంచతాం.
అదే మాదిరి చుట్టూ చూసినాను, ఎవురిదో అని.
పక్కన పండుకున్న పిల్ల తల ఎత్తింది.
తడి జుట్టు మొహాన కప్పుకోని ఉంది,
దాని కొంగులో అప్పటికే ఒగటి ముడేసుంది.
"నీదే క్కా" అన్నది.
మళ్ళా మొహం మన్నుకు ఆనించింది.

టీ బంకు కాడ అర్జునుడే నన్ను పలకరించినాడు,
ఒక చెంప ఇంకా పసుపచ్చగా ఉంది.
"తిరప్తిలో రూమెంత మా? మేము ఆరుమంది."
చెప్పినాను. ఊదుకుంటా తాగి
"అంతా?" అన్నాడు.
రండి, మేనేజర్తో మాట్లాడతా అన్నాను.
ఎక్కడి నుంచి రాక అంటే
ఇంద్రకీలాద్రి అని రాసుకుంటాలే.
నవ్వినాడు. నా టీకి కూడా తనే ఇచ్చినాడు,
వద్దన్నా వినలేదు.

తిరుగు బస్సులో లెక్క చూసుకున్నాను.
మిగిలింది నూటా ఎనభై ఎనిమిది.
నిమ్మకాయను ఏ పక్క రాయాలో తెలీలేదు.
ఘాటులో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా
సంచిలో ఈ మూలకీ ఆ మూలకీ
దొర్లతా ఉంది.